లెక్కలో 164, మీటరులో 158

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు నన్ను కృత్రిమ మేధ గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం మీద మాట్లాడగలవాళ్లు ఈ రోజుల్లో మన ఊళ్లో వీధికి పదిమంది దొరుకుతారు. అందుకని, గత రెండేళ్లుగా శని ఆదివారాల్లో ఇంట్లో కూర్చుని చేసిన ఒక పెట్టె గురించి చెబుతానని అడిగాను. సరేనన్నందుకు వారికి కృతజ్ఞతలు. ఆ పెట్టె పేరు వాల్వు ప్రీ ఆంప్లిఫయరు. పేరు చూసి భయపడకండి, పదో తరగతి ఫిజిక్సు చాలు. చివర్లో మన సంఘానికి ఒక విన్నపం ఉంది. పెట్టె కథంతా ఆ విన్నపం కోసమే.

ముందు అసలు అదేమిటో చెబుతాను. మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. జీతంలో మిగిలిన దాంతో గ్రామఫోను రికార్డులు కొనేవారు. ఘంటసాల భగవద్గీత, బాలమురళీకృష్ణ, సుబ్బులక్ష్మి, కొన్ని సినిమా పాటలు, అన్నీ కలిపి అరవై దాకా ఉన్నాయి. ఆయన పోయాక అవి ఇనప్పెట్టెలో ఉండిపోయాయి. వాటిని వినాలంటే రికార్డు ప్లేయరు ఒక్కటే ఉంటే సరిపోదు. రికార్డు గాడిలో ముల్లు కదిలితే పుట్టే విద్యుత్తు ఎంతో తెలుసా? సుమారు 5 మిల్లీవోల్టులు. అంటే ఒక టార్చిలైటు సెల్లులో మూడు వందలో వంతు. ఆ చిన్న గొంతును పెద్ద ఆంప్లిఫయరుకు వినబడేంతగా పెంచే మధ్యవర్తే ప్రీ ఆంప్లిఫయరు. బజారులో దొరుకుతుంది. నేను దాన్ని వాల్వులతో చేద్దామనుకున్నాను.

వాల్వు అనగానే ఇక్కడున్న పెద్దల ముఖాల్లో చిరునవ్వు కనిపిస్తోంది. మన చిన్నప్పుడు మర్ఫీ, ఫిలిప్స్, బుష్ రేడియోల వెనక అట్ట తీస్తే లోపల ఎర్రగా వెలిగే గాజు బుడ్లు ఉండేవి, అవే. స్విచ్చి వేశాక అర నిమిషం పాటు ఏమీ వినబడేది కాదు. తరవాత మెల్లగా గొంతు పైకి వచ్చేది. కొన్నిటికి ముందు పక్క పచ్చని కన్ను ఉండేది. స్టేషను సరిగ్గా కుదిరితే ఆ కన్ను దగ్గరికి మూసుకునేది. 1980ల దాకా ఆ రేడియో ఉంచుకోవడానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్లం. ఈ తరానికి ఆ సంగతి చెబితే నమ్మరు. నిజాం కాలం నాటి డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. మన జంట నగరాల్లో ఆ రోజుల్లో ఎవరు ఏ పాట విన్నా వాల్వుల గుండానే విన్నారు.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు కొసల వాల్వు చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడో కొస కలిపాడు. అదే ట్రయోడు. చిన్న సంకేతాన్ని పెద్దది చెయ్యడం మనిషికి దానితో చేతనయింది. 1947లో అమెరికాలోనే బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టాక వాల్వు మెల్లగా వెనకబడింది. మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్, మనం బీఈఎల్ అంటాం, 1954లో మొదలై 1961లో రేడియో వాల్వులు చెయ్యడం ప్రారంభించింది. మన ఇళ్లలోని రేడియోలకు ఎన్నిటికో ఆ వాల్వులే వేసేవారు.

ఇప్పుడు ట్రయోడు ఎలా పనిచేస్తుందో చూద్దాం. గాజు బుడ్డిలో గాలి తీసేస్తారు. మధ్యలో కాథోడు అనే సన్నని గొట్టం ఉంటుంది. దాని లోపలి ఫిలమెంటు దాన్ని ఎర్రగా వేడి చేస్తుంది. వేడెక్కిన కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి బయటికి వస్తాయి. చుట్టూ ప్లేటు అనే రేకు ఉంటుంది. దానికి ధన వోల్టేజి ఇస్తే అది ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఈ రెంటికీ నడుమ సన్నని తీగతో చుట్టిన గ్రిడ్డు ఉంటుంది. చెరువు తూము తలుపు లాంటిది అది. తూము దగ్గర తలుపు అంగుళం కదిపితే కాలువలో నీరు ఎంత మారుతుందో మన పల్లెల్లో అందరికీ తెలుసు. గ్రిడ్డు మీద వోల్టేజి కొంచెం మారితే ప్లేటుకు చేరే ప్రవాహం అలాగే బాగా మారుతుంది. నేను వాడిన ఈసీసీ 83 వాల్వులో గ్రిడ్డు మీద ఒక వోల్టు మార్పు, ప్లేటు మీద వంద వోల్టుల మార్పుతో సమానం. ఒక్కో బుడ్డిలో రెండేసి ట్రయోడ్లు ఉంటాయి. నా పెట్టెలో మూడు బుడ్లు, ఆరు ట్రయోడ్లు.

నేను పొద్దున్నే వెళ్లి చేసే ఉద్యోగం చిప్పుల డిజైను. మీ జేబులోని ఫోనులో ఒక చిప్పు మీద వెయ్యి కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు ఉంటాయి. అందులో ఒక మూల, ఆ మూలలో ఒక భాగం, దాన్ని పరీక్షించే ప్రోగ్రాములు, ఇదీ ముప్ఫై ఏళ్ల నా పని. దాన్ని చిన్నచూపు చూడటం లేదు, అదే మాకు అన్నం పెట్టింది. కానీ మొత్తం చిప్పు ఒక్క మనిషి బుర్రలో పట్టదు. ఆరు ట్రయోడ్లు పడతాయి. ఈ చివర ముల్లు నుంచి ఆ చివర స్పీకరు దాకా ప్రతి భాగం అక్కడ ఎందుకుందో కాగితం మీద పెన్సిలుతో చెప్పవచ్చు. నాకు ఆ సుఖం కావలసి వచ్చింది.

ఇంకో కారణం కూడా ఉంది. ఉద్యోగానికి వచ్చే కొత్త ఇంజనీర్లను ఇంటర్వ్యూ చెయ్యడం నా బాధ్యతల్లో ఒకటి. తెలివైన పిల్లలు. తొంభై శాతం మార్కులు. బల్ల మీద ఒక బ్యాటరీ, రెండు రెసిస్టర్లు పెట్టి, ఈ రెంటి నడుమ ఎంత వోల్టేజి ఉంటుంది అని అడుగుతాను. చాలామంది సూత్రం చెబుతారు. మీటరు ఇచ్చి కొలవమంటే చెయ్యి వెనక్కి పోతుంది. ఎర్ర తీగ ఎక్కడ పెట్టాలో, నల్ల తీగ ఎక్కడ పెట్టాలో తెలియదు. వాళ్ల చేతికి ఎవరూ ఎప్పుడూ మీటరు ఇవ్వలేదు. ఇలాంటి ముఖాలు చూసి చూసి ఒక రోజు ఇంటికి వచ్చి మా అమ్మాయిని అడిగాను. తను అప్పటికి బీటెక్ ఎలక్ట్రానిక్స్ మూడో సంవత్సరం. "మీటరు ల్యాబులో ఉంటుంది నాన్నా, సార్ కొలిచి చూపిస్తారు" అంది. ఇక నేను ఏమీ అనలేదు. పెట్టె స్టీరియో కాబట్టి అందులో ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, రెండు ఛానెళ్లు ఉంటాయి. రెండూ ఒకే తీరు. ఎడమది నేను చేస్తాను, కుడిది నువ్వు చెయ్యి అన్నాను.

సామాను సంపాదించడం సగం పండుగ. కోఠీ గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు, కండెన్సర్లు, సాకెట్లు దొరికాయి. అల్యూమినియం రేకు రాణీగంజ్‌లో కోయించాం. ట్రాన్స్‌ఫార్మరు రెడీమేడ్‌గా దొరకలేదు. వైండింగు చేసే ఒకాయన దగ్గర ప్రత్యేకంగా చుట్టించాం. చుట్లు లెక్కపెట్టి రాసుకునే ఆయన నోటు పుస్తకం చూసి మా అమ్మాయి, "మా ల్యాబు రికార్డు కంటే నీట్‌గా ఉంది" అని మెచ్చుకుంది. మోండా మార్కెట్ అవతల పాత రేడియో మెకానిక్ ఒకాయన ఉన్నారు. దుకాణం మూసి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఒక సొరుగు నిండా వాల్వులు, పాత న్యూస్‌పేపరులో చుట్టి ఉన్నాయి. అందులో బీఈఎల్ వాల్వు ఒకటి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. "మోగాక ఒకసారి వినిపించండి చాలు" అన్నారు. మిగతా రెండూ కొత్తవి కొన్నాం. గిటారు ఆంప్లిఫయర్ల పుణ్యమా అని రష్యా, స్లొవేకియా, చైనాల్లో ఈ వాల్వులు ఇప్పటికీ తయారవుతున్నాయి.

ఇప్పుడు ఈ ప్రసంగం పేరుకు వస్తున్నాను. మొదటి ట్రయోడుకు 250 వోల్టుల సప్లై. ప్లేటుకు లక్ష ఓముల రెసిస్టరు, కాథోడు కింద 1,500 ఓములది. తయారీదారు ఇచ్చిన పట్టిక ప్రకారం ఇందులో 0.86 మిల్లీఆంపియర్ల కరెంటు పారాలి. ఓమ్ సూత్రం మన ఎనిమిదో తరగతి నాటి నేస్తమే. లక్ష ఓములలో 0.86 మిల్లీఆంపియర్లు పారితే 86 వోల్టులు ఖర్చవుతాయి. 250లో 86 పోతే ప్లేటు దగ్గర 164 ఉండాలి. మీటరు పెడితే నా ఎడమ ఛానెల్లో 158 వచ్చింది. మా అమ్మాయి కుడి ఛానెల్లో 167 వచ్చింది.

"ఏది కరెక్టు నాన్నా?" అంది.

"నువ్వే చెప్పు" అన్నాను.

తను కాసేపు ఆలోచించింది. రెండు పక్కలా సప్లై కొలిచింది, సరిగ్గా 250 ఉంది. స్విచ్చి ఆపి, కండెన్సర్లు ఖాళీ అయ్యాక, లక్ష ఓములని రాసి ఉన్న రెసిస్టర్లను కొలిచింది. నా వైపుది 98 వేలు, తన వైపుది లక్షా వెయ్యి. తేడా ఉంది కానీ ఇంత తేడాకు అది చాలదు. అప్పుడు తనే, "వాల్వులు అటూ ఇటూ మారుద్దాం" అంది. మార్చాం. ఎడమ పక్క 169, కుడి పక్క 156 వచ్చాయి. తక్కువ అంకె వాల్వు వెంటే కుడి పక్కకు వెళ్లింది! అంటే తేడాలో ఎక్కువ పాలు వాల్వుది, కొద్ది పాలు రెసిస్టర్లది. ఒకే కంపెనీ, ఒకే నంబరు వాల్వులు రెండు తీసుకున్నా కవల పిల్లల్లా ఉంటాయి తప్ప ఒకే మనిషిలా ఉండవు. పట్టికలో రాసింది సగటు. రెండు ఛానెళ్లూ కరెక్టే. రాత్రి పదకొండు అయింది. మూడేళ్ల కాలేజీలో ఇంత సంతోషంగా మా అమ్మాయిని చూడలేదు.

ఆ రాత్రి నాకు మన ఫిజిక్సు సార్ గుర్తుకొచ్చారు. పేరు చెబితే ఆయనకు నచ్చదు, ముందు వరసలోనే కూర్చున్నారు. మీకు సింపుల్ పెండ్యులం ప్రయోగం గుర్తుండే ఉంటుంది. దారానికి గుండు కట్టి, ఊపి, ఇరవై ఊపులకు ఎంత సమయమో కొలిచి, గురుత్వ త్వరణం లెక్క కట్టాలి. పుస్తకంలో 980 అని ఉంటుంది. ఎవరి రికార్డులోనైనా సరిగ్గా 980 వస్తే సార్ సంతకం పెట్టేవారు కాదు. "ఇంత బాగా ఎలా వచ్చిందిరా? మన ఊళ్లో అసలు 980 లేదు కదా!" అనేవారు. నిజమే. మనం భూమధ్యరేఖకు దగ్గర, పైగా సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన దక్కను పీఠభూమి మీద ఉన్నాం. సికిందరాబాదులో ఆ విలువ 978 చిల్లర. 968 వచ్చిన వాడి రికార్డు మాత్రం తీసుకుని పక్కన కూర్చోబెట్టుకుని, దారం పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచావు, వాచీ ఎప్పుడు నొక్కావు అని ఓపిగ్గా అడిగేవారు. తేడా ఎక్కడిదో వాడి నోటితోనే చెప్పించి, అది రాయించి, అప్పుడు సంతకం పెట్టేవారు.

పరీక్షలో 164కు బదులు 158 రాస్తే మార్కు పోతుంది. పని బల్ల దగ్గర 158 చూస్తే ఒక ప్రశ్న పుడుతుంది. ఇంజనీరింగు అంటే ఆ ప్రశ్న దగ్గర మొదలయ్యే పని. ఆ ముక్క మాకు ఇంజనీరింగు కాలేజీ కంటే ముందే, ఈ బడిలో, పై అంతస్తు ల్యాబులో అందింది.

మళ్లీ పెట్టె దగ్గరికి వద్దాం. ఒక్కో ట్రయోడు సంకేతాన్ని సుమారు 55 రెట్లు పెంచుతుంది. రెండు వరసగా పెడితే మూడు వేల రెట్లు. కానీ రికార్డుకు ఇంకో మెలిక ఉంది. మంద్ర స్వరాలకు గాడి మరీ వెడల్పుగా ఊగుతుంది, పక్క గాడిలోకి పోతుంది. అందుకని రికార్డు చేసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారను పెంచి చెక్కుతారు. వినేటప్పుడు సరిగ్గా దానికి ఎదురు చెయ్యాలి, మంద్రాన్ని పెంచి, తారను తగ్గించాలి. తారను తగ్గించినప్పుడు రికార్డు బుస కూడా తగ్గిపోవడం అదనపు లాభం. ఈ కొలతలను 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం స్థిరపరిచింది. దాన్ని ఆర్.ఐ.ఏ.ఏ. వక్రరేఖ అంటారు. అందులో మూడు కాల స్థిరాంకాలు ఉంటాయి: 3180, 318, 75 మైక్రోసెకన్లు. రెసిస్టరును కండెన్సరుతో గుణిస్తే కాల స్థిరాంకం వస్తుంది. లక్ష ఓములు, 750 పికోఫారడ్లు గుణించి చూడండి, 75 మైక్రోసెకన్లు. చుట్టుపక్కల భాగాల ప్రభావం కలుపుకుని కాస్త సర్దుకోవాలి, అంతే. నాన్నగారి రికార్డులోని గొంతు సహజంగా వినబడటం వెనక ఉన్నది ఒక గుణకారం. రెండు ట్రయోడ్ల నడుమ ఈ వలను పెడితే పెరిగిన దాంట్లో పదో వంతే మిగులుతుంది. నష్టాలన్నీ పోను 5 మిల్లీవోల్టులు వోల్టు పైచిలుకు అవుతాయి. మూడో ట్రయోడు దాన్ని పెంచదు, బలంగా బయటికి పంపిస్తుంది.

మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు పాటతో పాటు హమ్ కూడా వచ్చింది. ఇంట్లో చేసిన ప్రీ ఆంప్లిఫయర్లు చాలావరకు హమ్‌తోనే పుడతాయి. మూడు వేల రెట్లు పెంచే యంత్రం గోడలోని కరెంటును కూడా వింటుంది కదా. దొంగను పట్టుకోవాలి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. సప్లైలో వడకట్టడం చాలకపోతే వచ్చే హమ్ 100. తీగల నుంచో ట్రాన్స్‌ఫార్మరు నుంచో నేరుగా దూరితే 50. ఏదో తేల్చడానికి మా ఇంట్లో ఒక గొప్ప పరికరం ఉంది, మా ఆవిడ చెవి. ఆవిడ సంగీతం నేర్చుకున్న మనిషి. ఫోనులో 100 ధ్వని పెట్టి అదే స్పీకర్లలో వినిపించి, హమ్ కూడా ఇదేనా అని అడిగాను. "కాదు, అది కింది షడ్జం" అంది వెంటనే. కింది షడ్జం అంటే సరిగ్గా సగం. 50 అన్నమాట.

ఇక ఇద్దరు అనుమానితులు మిగిలారు, ఫిలమెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మరు. ఫిలమెంట్లకు ఒక 6 వోల్టుల బ్యాటరీ తగిలించి చూశాం. హమ్ ఏమీ మారలేదు. ఫిలమెంటు నిర్దోషి. స్విచ్చి ఆపి, ట్రాన్స్‌ఫార్మరును పావు వంతు తిప్పి, మళ్లీ వేసి చూస్తే హమ్ తగ్గింది. పాత రేడియోల్లో లాగా అన్నీ ఒకే రేకు మీద ఉన్నాయి, దాని అయస్కాంత క్షేత్రం మొదటి ట్రయోడును తాకుతోంది. ట్రాన్స్‌ఫార్మరును వేరే డబ్బాలో పెట్టి రెండడుగుల దూరం జరిపాం. స్పీకరుకు చెవి ఆనిస్తే తప్ప హమ్ ఇక వినబడలేదు. ఎందుకైనా మంచిదని ఫిలమెంట్లకు కూడా డీసీ ఇచ్చాం. ఈ మొత్తం విచారణలో వాడిన పరికరాలు ఒక చెవి, ఒక బ్యాటరీ, ఒక స్క్రూడ్రైవరు.

ఇంతకీ శబ్దం ఎలా ఉంది అని అడుగుతారు. నిజం చెబుతాను. నాలుగు డబ్బులకు దొరికే ఐసీతో ఇంతకంటే తక్కువ వక్రీకరణతో ప్రీ ఆంప్లిఫయరు చెయ్యవచ్చు. కొలతల్లో గెలుపు ఐసీదే. వాల్వు కలిపే వక్రీకరణలో ఎక్కువ భాగం రెండో హార్మోనిక్కు, అంటే పై షడ్జం. శ్రుతిలోనే ఉంటుంది కాబట్టి చెవికి అది తప్పుగా కాక కొంచెం నిండుగా తోస్తుంది. కొందరు దీన్ని మహిమ అంటారు. నేను అనను. కాథోడు వేడెక్కేదాకా ఆగి, తరవాత బాలమురళి గొంతు పైకి వస్తుంటే మాత్రం బాగుంటుంది. రేడియో మెకానిక్ గారిని పిలిచి వినిపించాం. ఆయన పాట వినలేదు. పెట్టె తిరగేసి అతుకులు చూశారు. కుడి పక్క అతుకులు ఎవరివి అని అడిగారు. మా అమ్మాయివి అన్నాను. "ఎడమ పక్కవాటి కంటే బాగున్నాయి" అన్నారు.

ఒక హెచ్చరిక చెప్పకుండా దాటకూడదు. వాల్వు పెట్టెలో 250 వోల్టుల డీసీ ఉంటుంది, ప్రాణం తీస్తుంది. స్విచ్చి ఆపినా కండెన్సర్లలో అది నిలవ ఉంటుంది. మేము 100 మైక్రోఫారడ్ల కండెన్సరుకు అడ్డంగా రెండు లక్షల ఇరవై వేల ఓముల రెసిస్టరు శాశ్వతంగా పెట్టాం. దాని కాల స్థిరాంకం 22 సెకన్లు. అయిదు రెట్లు, అంటే దాదాపు రెండు నిమిషాలు ఆగితే మిగిలేది రెండు వోల్టుల లోపు. అయినా ముట్టుకునే ముందు మీటరు పెట్టి చూడాల్సిందే. కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. బడి పిల్లల చేతికి వాల్వు పెట్టె ఇమ్మని నేను ఎప్పటికీ చెప్పను.

మరి ఏమి ఇమ్మంటాను? ఇక్కడే నా విన్నపం.

గత సర్వసభ్య సమావేశంలో మన స్వర్ణోత్సవ నిధితో పై అంతస్తులోని పాత సైన్సు ల్యాబును డిజిటల్ తరగతి గదిగా మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. పెద్ద తెర, ప్రొజెక్టరు, కుర్చీలు. ప్రయోగాలన్నీ తెర మీద చూపించవచ్చని చెప్పారు. ప్రతిపాదించిన మిత్రుల ఉద్దేశం మంచిదే, తెరకు నేను వ్యతిరేకిని కాను. కానీ తెర మీది పెండ్యులానికి ఎప్పుడూ 980 వస్తుంది. తెర మీది ట్రయోడుకు ఎప్పుడూ 164 వస్తుంది. 158 ఎందుకొచ్చింది అని పిల్లలు అడిగే అవకాశమే ఉండదు. తెరను వేరే గదిలో పెట్టుకుందాం. ఆ ఒక్క గదిని మాత్రం పని బల్లల గదిగా ఉంచుదాం.

మొన్న ఆ ల్యాబు బీరువా తెరిపించి చూశాను. దుమ్ము పట్టిన భౌతిక త్రాసు మీద ఇత్తడి రేకు ఉంది, ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ, మచిలీపట్నం అని. 1926లో మన తెలుగువాళ్లు బడులకు, కాలేజీలకు సైన్సు పరికరాలు మన దగ్గరే చెయ్యాలని పెట్టిన కంపెనీ అది. 1983లో దాన్ని బీఈఎల్ తీసుకుంది. మా పెట్టెలో వెలుగుతున్న పాత వాల్వు చేసిన సంస్థ, మన బీరువాలోని త్రాసు చేసిన సంస్థ ఇప్పుడు ఒకటే. ఆ బీరువాను పాత సామాను కింద తూకానికి వెయ్యవద్దని మనవి. తుడిస్తే సగం పైగా పరికరాలు పనిచేస్తాయి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఆరు బల్లలు. బల్లకు ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, చిన్న పనిముట్ల పెట్టె. 12 వోల్టులకు మించి ఏ బల్ల మీదా ఉండకూడదు, ఇది మొదటి నియమం. మొదటి పాఠం ఒక బీసీ 547 ట్రాన్సిస్టరు, 9 వోల్టుల బ్యాటరీ, 4,700 ఓముల రెసిస్టరు. ఒక మిల్లీఆంపియరు పారితే 4.7 వోల్టులు ఖర్చవుతాయి, 4.3 మిగలాలి. వాల్వు దగ్గర చేసిన లెక్కే ఇది, అంకెలు చిన్నవి, అంతే. పిల్లలకు 4.3 రాదు. 4.1 వస్తుంది, 4.6 వస్తుంది. పక్క బల్ల వాడికి ఇంకోటి వస్తుంది. అప్పుడు వాళ్లు ఒకరి మీటరు వైపు ఒకరు చూసుకుంటారు. టీచరు అక్కడి నుంచి మొదలుపెడితే చాలు.

బల్లల కంటే ముఖ్యం మనుషులు. ఇక్కడ రైల్వేలో, టెలిఫోన్సులో, ఈసీఐఎల్‌లో, సైన్యంలో పనిచేసి రిటైరైన పూర్వ విద్యార్థులు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. చేతిలో విద్య ఉంది, శనివారం ఖాళీగా ఉంది. నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం నేను వస్తాను. మా అమ్మాయి ఉద్యోగంలో చేరింది, అయినా రెండో శనివారానికి వస్తానని మాట ఇచ్చింది. మొదటి రెండు బల్లల ఖర్చు నాది. మిగతా శనివారాలకు మనుషులు, మిగతా నాలుగు బల్లలకు దాతలు కావాలి. ప్రస్తుత సైన్సు టీచర్లతో నిన్న మాట్లాడాను. పాఠ్యాంశాలతో కలిసేలా ప్రయోగాల జాబితా తామే తయారుచేస్తామన్నారు. వారికి నా కృతజ్ఞతలు.

హాలు వెనక బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. పేరు, ఫోను నంబరు, ఏ శనివారం రాగలరో రాయండి. భోజనాల తరవాత పై అంతస్తు ల్యాబు తెరిచి ఉంటుంది. పెట్టెను అక్కడే పెట్టాం. అర నిమిషం ఓపిక పడితే మోగుతుంది. మీటరు కూడా పక్కనే ఉంటుంది, కొలతలు మాత్రం మా అమ్మాయి చేసి చూపిస్తుంది.

ఫిజిక్సు సార్, మీరు కూడా ఒకసారి పైకి రండి. మెట్లు ఎక్కడానికి మేమంతా సాయం ఉంటాం. రెండు ఛానెళ్ల అంకెలూ ఒక కాగితం మీద రాసి, తేడా ఎందుకొచ్చిందో కింద రాసి పెట్టాం. మీ సంతకం కావాలి.